బ్లాకులు నేర్చుకోబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు నరం పక్కన మందు ఇచ్చి ఒక్క చెయ్యో కాలో మొద్దుబార్చే నర్వ్ బ్లాకుల ఫెలోషిప్‌లో చేరుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. 1888, 89లో క్లోరోఫామ్ మత్తుమందు మీద కమిషన్లు కూర్చున్న ఊరు మన హైదరాబాద్, తొలితరం మహిళా మత్తు డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చిన ఊరు. ఇక్కడ మా ఇంటి పిల్ల సూది పడుతోందంటే ఛాతీ ఉబ్బింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సూది మొన అల్ట్రాసౌండ్ స్క్రీన్ మీద కనిపించకపోతే ముందుకు తొయ్యకు. మందు కొంచెం కొంచెంగా, ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసి ఇవ్వు. మొద్దుబార్చే మందు బుపివకైన్ కిలో బరువుకి 2 మిల్లీగ్రాములు దాటనివ్వకు. ఆ మందు రక్తంలోకి పోతే విరుగుడుగా ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ చేతికందేచోట ఉండాలి, తాళం వేసిన స్టోరులో కాదు. కుడో ఎడమో గుచ్చేముందు మళ్లీ అడుగు. ఇవన్నీ అక్కడ నేర్పుతారు. నా దిగులంతా బ్లాక్ పట్టాక సంగతి.

మా రోజుల్లో అల్ట్రాసౌండ్ ఎక్కడిది? చేతిలోకి జివ్వుమని కరెంటు పాకిందని పేషెంటు అంటేనే నరం దొరికినట్టు. పాతబస్తీ నుంచి ఒకావిడ మణికట్టు విరిగి వచ్చింది, టీ కొట్టు నడిపేది. కాలర్ ఎముక పైనుంచి బ్లాక్ ఇచ్చాను. ఎంత బాగా పట్టిందో! ప్లేటు వేస్తున్నంతసేపూ ఉర్దూలో మనవడి కబుర్లు చెబుతూనే ఉంది, నాకు సగమే అర్థమయ్యాయి. సాయంత్రం ఇంటికి పంపేశారు. "రేపటిదాకా చెయ్యి మొద్దుబారి ఉంటుందమ్మా" అని తెలుగులో గబగబా అనేసి తర్వాతి కేసుకు పోయాను. తల ఊపింది. ఊపితే అర్థమైందనుకున్నాను, వెధవని.

మూడోరోజు కట్టు మార్చడానికి వస్తే, బయటున్న రెండు వేళ్లూ కాలి ఉన్నాయి. ఆ రాత్రే పొయ్యి దగ్గర కూర్చుందట. గిన్నెకు వేళ్లు ఆనుకున్నా తెలియలేదు, వాసన వచ్చాక చూసుకుంది. తెల్లవారుజామున మత్తు దిగి, విరిగిన నొప్పీ కాలిన నొప్పీ కలిసి వచ్చాయి. మాత్రలు నొప్పి వస్తే వేసుకోమన్నాం కదా, అప్పటిదాకా రాలేదు కాబట్టి వేసుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. "నొప్పి లేదంటే ఆపరేషన్ బాగా అయిందనుకున్నా బేటా" అంది.

"హాథ్ సున్న్ రహేగా." చెయ్యి మొద్దుబారి ఉంటుందని ఉర్దూలో ఆ మూడు ముక్కలు ఆ రోజు నా నోట రాలేదు.

చెయ్యి స్లింగ్‌లో పెట్టి పంపు. మత్తు దిగకముందే మాత్ర వేయించు. రాత్రి పక్కన ఎవరుంటారో అడిగి వాళ్లకూ చెప్పు, తిరిగి వాళ్లచేత చెప్పించుకో. కేసుల లెక్క కోసం పరుగెత్తకు. నీకు చిన్నప్పటినుంచీ తొందరే, పొగలు కక్కే ఇడ్లీ నోట్లో పెట్టుకుని ఏడ్చేదానివి.

ఆదివారం ఇంటికి రా. మీ అత్తయ్యకు మోకాలు మళ్లీ మొదలైంది, ఆపరేషన్ అంటే ససేమిరా అంటోంది. బ్లాక్ గురించి నువ్వే చెప్పు. ఎలా చెబుతావో నేనూ పక్కన కూర్చుని వింటాను.

మామయ్య