టెక్ సందేహాలు: కారు ఎత్తు తగ్గింది, పట్టు కూడా తగ్గింది

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నాది 2001 మాజ్డా మియాటా. 2 అంగుళాలు కిందికి దించే స్ప్రింగులు వేయించాను, షాక్ అబ్జార్బర్లు పాతవే. మలుపులో చిన్న గతుకు తగిలినా వెనక భాగం పక్కకు జారుతోంది. వెనక లావు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) వేస్తే సర్దుకుంటుందా?

జవాబు: వేయకండి, ఇంకా జారుతుంది. మీ కారు బహుశా బంప్ స్టాప్‌లకు కొట్టుకుంటోంది. షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద ఉండే ఆ మెత్తటి ముక్కకు షాక్ గొట్టం ఆనిందంటే సస్పెన్షన్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. బయటివైపు వెనక టైరు మీద బరువు ఎగదన్ని పట్టు వదిలేస్తుంది.

రూపాయి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. దుమ్ము తొడుగు పైకి లాగి, మెరిసే కడ్డీకి జిప్ టై బిగించి, కింది గొట్టం అంచు దాకా జరపండి. రోజూ తిరిగే దారిలో ఓ పది నిమిషాలు నడిపి చూడండి. టై పైకెక్కి బంప్ స్టాప్‌కు అతుక్కుని కనిపిస్తే జబ్బు దొరికినట్టే.

మామూలు స్ప్రింగు లెక్కలో, చక్రం పైకి లేచే చోటు సగమైతే అదే గతుకును మింగడానికి నాలుగు రెట్లు గట్టి స్ప్రింగు కావాలి. దించే స్ప్రింగులు అంత గట్టిగా ఉండవు. ఉన్నా పాత షాక్ అబ్జార్బర్లు వాటిని అదుపు చేయలేవు. కారు రెండు మూడుసార్లు ఊగుతుంది. అందుకే రెండూ కలిపి, ఒకదానికొకటి సరిపోయేవే మార్చాలి. ఎత్తు సర్దుకునే కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ కలిసి ఒకే ముక్కగా వచ్చేవి) మేలు. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు సుమారు 13 అంగుళాలతో మొదలుపెట్టండి.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు: కారు జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగానే, చక్రాన్ని కారుకు కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల బోల్టులు బిగించేస్తారు. ఆ బోల్టుల చుట్టూ ఉండే ఈ కారు రబ్బరు బుష్‌లు తిరగవు, మెలిపడతాయి. కిందికి దించగానే మెలిక పడి, కొన్నాళ్లకు చిరుగుతాయి. చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. అలైన్‌మెంట్ బోల్టులు తుప్పుతో పట్టేస్తాయి కాబట్టి ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. షాక్ పై నట్‌కు ఇంపాక్ట్ గన్ వాడితే కడ్డీ తిరిగి లోపలి సీల్ పోతుంది.

ఆ తర్వాత అలైన్‌మెంట్, డ్రైవరు సీట్లో మీ అంత బరువు పెట్టి. రోడ్డుకైతే ముందు క్యాంబర్ (చక్రం పైభాగం ఒరిగే కోణం, మైనస్ అంటే లోపలికి) మైనస్ 1.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.8, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) 5 దరిదాపుల్లో, ముందు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా, వెనక మొత్తం 1.5 మి.మీ. లోపలికి. ఇంతా అయ్యాక ఇంకా ఒరుగుతుంటే ముందు బార్ లావుది వేయండి.

అన్నట్టు, టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూశారా? 2316 అని ఉంటే అది 2016లో 23వ వారం చేసింది. అంత పాత టైరును మార్చకుండా సస్పెన్షన్‌కు డబ్బు పోయడం దండగ.

ప్రశ్న: నా కారులో ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. మామూలు కాయిలోవర్లు వేస్తే హెచ్చరిక లైటు వెలుగుతుందా?

జవాబు: వెలుగుతుంది. కంట్రోల్ యూనిట్ ప్రతి షాక్‌లోని సొలినాయిడ్ (కరెంటుతో నడిచే వాల్వు) కోసం వెతుకుతుంది, అది లేకపోతే ఫాల్ట్ కోడ్ నమోదు చేస్తుంది. ఆ ప్లగ్గులకు మీ మోడల్ కోసమే చేసిన క్యాన్సిలేషన్ మాడ్యూళ్లు (షాక్ ఉన్నట్టు యూనిట్‌ను నమ్మించే చిన్న పెట్టెలు) కొనాలి. ఎత్తు సెన్సర్లుంటే వాటి లింకులూ సరిచేయించండి. లేకపోతే హెడ్‌లైట్లు తప్పు ఎత్తులో పడతాయి.