అమ్మడూ, యాంటీవైరస్ మాత్రం ఆపకు

చి. అమ్మడుకి, మేనత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. రేపల్లె బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్ పెడుతున్నావని, నాలుగు సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు బేరమాడావని చెప్పాడు. మనింట్లో నా తర్వాత షాపు షట్టర్ ఎత్తేది నువ్వే. ఎంత సంతోషమేసిందో! కానీ ఫోన్ పెట్టేసే ముందు, "యాంటీవైరస్ వేస్తే స్లో అవుతాయట, అసలు వెయ్యనంటోంది" అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు.

ముందు సిస్టమ్‌ల సంగతి. పాత హార్డ్ డిస్క్ ఉంటే తీయించి, దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించు, ర్యామ్ 8 జీబీ చేయించు. సగం నత్తనడక అక్కడే పోతుంది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని సిస్టమ్ ఎంత చవకగా ఇచ్చినా వద్దను.

ఇక నేను చేసిన తప్పు విను. మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

2016, ఎంసెట్ కౌన్సెలింగ్ రోజులు. తెనాలిలో మన షాపు మెట్ల దాకా పిల్లలు, తల్లిదండ్రులు. నా సిస్టమ్‌లో అప్పుడు రెండు యాంటీవైరస్‌లు ఉండేవి. అసెంబుల్ చేసిన అబ్బాయి వేసింది ఒకటి, నేను సీడీ కొని వేసుకున్నది ఇంకొకటి. రెండుంటే కాపలా గట్టిగా ఉంటుందనుకున్నాను. ఏ ఫైలు తెరిచినా రెండూ ఒకేసారి దాని మీద పడి, ఒకటి చూసింది ఇంకొకటి మళ్లీ చూసేది. నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, వెనకనుంచి "ఎంతసేపండీ" అని గోల. టెన్షన్ తట్టుకోలేక రెండూ ఆపేశాను. సాయంత్రం మళ్లీ ఆన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. సిస్టమ్ పరుగెడుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

మూడు వారాలకి ఒకాయన వచ్చి, మెయిల్‌లో బిల్లు ఉంది, ప్రింట్ తీయమన్నాడు. జిప్ ఫైలు. నొక్కితే ఏమీ రాలేదు. ఆయన వెళ్లిపోయాడు. కాసేపటికి పేజ్‌మేకర్ ఫైళ్లు, అంటే నేను పుస్తకాల పేజీలు కూర్చుకునే ఫైళ్లు, తెరుచుకోలేదు. ఫోల్డర్‌లో చూస్తే పేర్లన్నీ అంకెలూ అక్షరాలూ కలిసిపోయి ఉన్నాయి. ఫైళ్లు కావాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టాలని ఇంగ్లీషులో నోటీసు. ఆ జిప్‌లో ఉన్నది బిల్లు కాదు, ఫైళ్లకి తాళం వేసే వైరస్.

అందులో ఒక రిటైర్డ్ మాస్టారి పుస్తకం ఉంది. వాళ్ల ఊరి చరిత్ర, 240 పేజీలు. అనూ తెలుగు ఫాంట్లలో తొమ్మిది నెలలు నేనే టైపు కొట్టాను. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందిగా అనుకున్నాను. ఆ పెన్‌డ్రైవ్ కూడా అదే సిస్టమ్‌కి గుచ్చి ఉంది తల్లీ. అదీ పోయింది.

మాస్టారు ఎర్రసిరాతో దిద్దిన ప్రూఫుల కట్ట చంకలో పెట్టుకొచ్చి, "మళ్లీ కొడదాంలేమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. రాత్రుళ్లు కూర్చుని మళ్లీ కొట్టాను. చివరి 30 పేజీలకు మాత్రం ప్రూఫ్ తీయలేదు. ఊళ్లో ముసలివాళ్లు చెబుతుంటే ఆయన రాసుకున్న కబుర్లవి. పని అయిపోయిందని ఆ రాతప్రతిని నేనే పాతపేపర్లలో వేసేశాను. చెప్పినవాళ్లలో ఇద్దరు అప్పటికే పోయారు. పుస్తకం 210 పేజీలతో వచ్చింది. నాకిచ్చిన కాపీ బీరువాలో ఉంది. ఈ రోజుకీ చివరి పేజీలు తిప్పలేను.

వెయ్యనంటావేమే? నీ సిస్టమ్‌లలో జనం ఆధార్‌లు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి. ఒక్క యాంటీవైరస్ వేసుకో, ఒక్కటే. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మొదలుపెట్టడానికి చాలు. వేరేది వేస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. వేరేది కొనాలనిపిస్తే జర్మనీలో ఏవీ-టెస్ట్ అనే సంస్థ ఇచ్చే మార్కులు చూడు. రక్షణకి 6, వేగానికి 6, వాడకానికి 6 విడివిడిగా వేస్తారు. వేగంలో మంచి మార్కులున్నదాని ట్రయల్ తెచ్చి, నీ నాలుగింట్లో బలహీనమైన సిస్టమ్ మీద రద్దీ ఉన్న రోజు నడిపి చూడు. అక్కడ ఆగకపోతే ఎక్కడా ఆగదు. ఫుల్ స్కాన్ మధ్యాహ్నం భోజనాల వేళకి పెట్టు. క్రాక్ చేసిన దొంగ కాపీ యాంటీవైరస్ ఉచితంగా ఇస్తానని వచ్చేవాణ్ని షాపులోకి రానివ్వకు. స్లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, వచ్చే టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామ్ డిస్క్‌ని తినేస్తోందో కళ్లారా చూడు. అంతేగానీ ఆపకు. అరగంట కూడా ఆపకు.

చిన్నప్పుడు మా షాపులో కాగితం రీముల మీద పడి నిద్రపోయేదానివి. ప్రింటర్ చప్పుడు ఆగితే లేచి ఏడ్చేదానివి. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా షాపు తెరుస్తోందంటే కళ్లు చెమరుస్తున్నాయి. ఏదో కోప్పడ్డాననుకోకు.

ఆదివారం పొద్దున రైలుకి వస్తాను. నేను చూసేదాకా సిస్టమ్‌లకి అడ్వాన్స్ ఇవ్వకు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి తెస్తున్నాను. రోజూ కాపీ అవగానే దాన్ని పీకి సొరుగులో పెట్టుకోవాలి. కౌంటర్ సొరుగుకి తాళం ఉందో లేదో చూసి ఉంచు.

మీ అత్త