తారు కింద ఏముంది?

ప్రయాణాల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేము సియాటిల్ దగ్గర బెల్‌వ్యూలో ఉంటాం. ఖమ్మం నుంచి అమ్మానాన్న వచ్చారు, అక్టోబరు చివరిదాకా ఉంటారు. నాన్నకు 67 ఏళ్లు. పంతులుగా పనిచేసినన్నాళ్లూ సైకిలు మీదే బడికి వెళ్లొచ్చిన మనిషి. ఇక్కడికొచ్చాక సోఫాలో కూర్చుని డల్‌గా ఉంటున్నారు. ఐడహోలో హారిసన్ అనే చిన్న ఊరి మీదుగా సరస్సు ఒడ్డునే చదునైన తారు దారి ఉందని, దాని మీదికి కార్లు రావని విని, అందరం వెళ్దామనుకున్నాం. పిల్లలకు 11, 7 ఏళ్లు. ఇంతలో మావారి ఆఫీసులో ఒకాయన, ‘ఆ దారి మట్టిలో సీసం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లకండి’ అన్నారట. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. వెళ్లొచ్చా? అమ్మకు సైకిలు రాదు. ఆవిడ సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, బెల్‌వ్యూ

జవాబు: వెళ్లండి. ఆఫీసులో ఆయన చెప్పిందీ నిజమే. ఈ రెండూ ఎలా పొసుగుతాయో చెబుతాను. నేను స్పోకేన్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, హారిసన్ మాకు గంటన్నర లోపు. ఏడాదిలో ఐదారుసార్లయినా ఆ దారి తొక్కకపోతే నాకు తోచదు.

దాన్ని ట్రైల్ ఆఫ్ ద కోర్ డలేన్స్ అంటారు. మొంటానా సరిహద్దు దగ్గరి మలన్ నుంచి ప్లమర్ దాకా సుమారు 73 మైళ్లు, మన లెక్కలో 117 కిలోమీటర్లు. ఒకప్పుడది రైలు కట్ట. 1880లలో అక్కడి కొండల్లో వెండి, సీసం, జింకు బయటపడ్డాయి. ఇప్పటిదాకా ఆ లోయలో తీసిన వెండే 100 కోట్ల ఔన్సులు దాటింది. కట్ట పోసేటప్పుడు గనుల దగ్గర గుట్టలు పడి ఉన్న మిగులు రాతిపిండిని వాడేశారు. ఆపైన ఏళ్ల తరబడి ఖనిజం మోసిన రైలు పెట్టెల్లోంచి అది రాలుతూనే ఉంది. రైళ్లు ఆగిపోయేనాటికి ఆ కట్ట పొడవునా మట్టిలో సీసం.

కొన్నిచోట్ల ఆ మట్టిని తవ్వి తీసేశారు. మిగతాదాని మీద మందంగా తారు పరిచి మూసేశారు. యూనియన్ పసిఫిక్ రైల్వే, అమెరికా ప్రభుత్వం, ఐడహో రాష్ట్రం, అక్కడి కోర్ డలేన్ తెగ కలిసి ఒప్పందం చేసుకుని చేసిన పని ఇది. 2004లో దారి తెరిచారు. అంటే మీ నాన్నగారి సైకిలు అంత హాయిగా జారిపోయే ఆ నున్నటి తారు నిజానికి ఒక మూత. ఆ మూత మీద ఉన్నంతసేపూ మీకు భయం లేదు. పక్కన మట్టిలోకి దిగినప్పుడే జాగ్రత్త.

నాకిది తలకెక్కడానికి ఒక కారణం ఉంది. మాది వినుకొండ వైపు. అగ్నిగుండాల దగ్గర బండ్లమోటులో సీసం గని ఉండేది, తర్వాత మూసేశారు. చిన్నప్పుడు ఆ గని అంటే మాకు ఉద్యోగాలు, జీపులు, జీతాలు అంతే. సీసం పిల్లల ఒంట్లోకి పోతే ఏమవుతుందో ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఈ దారి మీదే ఉన్న కెల్లాగ్ ఊళ్లో 1973లో సీసం కరిగించే ఫ్యాక్టరీలో పొగను వడకట్టే విభాగం తగలబడింది. అయినా ఫ్యాక్టరీ ఆపలేదు. మరుసటి ఏడాది చుట్టుపక్కల పిల్లల రక్తం పరీక్షిస్తే సీసం విపరీతంగా ఉంది. 1983లో ఆ ప్రాంతాన్ని కేంద్ర ప్రభుత్వం శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో చేర్చారు. ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. మీ పిల్లలకు ఈ కథ దాచకండి. పదకొండేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. జాగ్రత్తలు కూడా తనే తమ్ముడికి నేర్పుతుంది.

జాగ్రత్తలు అంటే పెద్దవేం కాదు, దారి పొడవునా బోర్డుల మీదా రాసి ఉంటాయి. తారు దిగి మట్టిలో ఆడొద్దు. నది నీళ్లు, సరస్సు నీళ్లు తాగొద్దు. ఒడ్డున బురదలో గుంటలు తవ్వనివ్వకండి, ఏడేళ్ల వాడి చూపు ముందు అటే పోతుంది. తినేముందు చేతులు కడగాలి. ఇది మనకు ఇంకా ముఖ్యం, మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం కదా. శానిటైజర్ రాస్తే సీసం పోదు, సూక్ష్మజీవులు చస్తాయంతే. నేను రెండు లీటర్ల నీళ్ల సీసా, సబ్బు ముక్క వేరే సంచీలో పెట్టుకుంటాను. తాగడానికి పెట్టుకున్న నీళ్లతో చేతులు కడగడానికి ఎవరికీ మనసొప్పదు, అందుకని విడిగా. ఇంటికి రాగానే చెప్పులు, బూట్లు గుమ్మం బయటే. అది మనకెవరూ నేర్పక్కర్లేదు.

ఇక మీ నాన్నగారి గురించి. ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పట్టుకున్న విషయం అదే. బళ్లో పిల్లల్నీ, బయట రోడ్డునీ చూసుకుంటూ గడిపిన మనిషికి, కారు తోలే ఇంకొకరు లేనిదే గడప దాటలేని ఊళ్లో కూర్చోవడం ఎంత కష్టమో మా నాన్నని చూసి నాకు తెలుసు. ఆ దారి మీద ఆయన ఎవర్నీ అడక్కుండా ముందుకు వెళ్లిపోగలరు. పోనివ్వండి. వెనక నుంచి ‘మెల్లగా, మెల్లగా’ అనకండి.

కానీ ఒక్క మాట ముందే చెప్పండి: బ్రేకులు. మన దేశంలో సైకిలుకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. అమెరికా సైకిళ్లకు ఇది తారుమారు. చిన్న విషయమనిపిస్తుంది. నిరుడు మా అన్నయ్య నరసరావుపేట నుంచి వచ్చాడు. అద్దె సైకిలు ఇచ్చిన కుర్రాడు సీటు ఎత్తు సరిచేశాడు, హెల్మెట్ బిగించాడు, బ్రేకుల మాట ఎత్తలేదు. నాకూ తట్టలేదు. వాలులో దిగుతూ అన్నయ్య నలభై ఏళ్ల అలవాటు కొద్దీ ఎడమ బ్రేకు గట్టిగా నొక్కాడు. ముందు చక్రం ఠక్కున ఆగింది, వెనక చక్రం పైకి లేచింది. మనిషి తారు అంచు దాటి కంకరలో పడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది, ఇంకేం కాలేదు. కానీ అది ఏ మట్టో గుర్తొచ్చి నా చేతులు వణికాయి. అక్కడే కూర్చోబెట్టి సబ్బు నీళ్లతో గాయం మూడుసార్లు కడిగాను. అందుకని బయల్దేరేముందు పది నిమిషాలు హారిసన్‌లోనే ఆ చదును నేల మీద మీ నాన్నగారి చేత అటూ ఇటూ తొక్కించండి. రెండు బ్రేకులూ మెత్తగా నొక్కి చూసుకోమనండి. ఇక్కడ కుడివైపు పోవాలని కూడా ఆ పది నిమిషాల్లోనే అలవాటవుతుంది.

హారిసన్ జనాభా మూడొందల లోపు. ఒకప్పుడు కలప మిల్లులతో కళకళలాడిన ఊరు. 1917లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక మళ్లీ అంత లేవలేదు. ఇప్పుడు కొండవాలు మీద ఇళ్లు, కింద పడవల రేవు, ఆ రేవుకీ ఊరికీ మధ్య నుంచి మన దారి. సైకిళ్లు అద్దెకిచ్చే చోటు, ఐస్‌క్రీం కొట్టు అన్నీ నాలుగడుగుల్లోనే.

అక్కడి నుంచి దక్షిణంగా తిరగండి. చాట్‌కొలెట్ వంతెన దాకా ఏడెనిమిది మైళ్లు, ఎత్తుపల్లాలు లేవు. రైలు కట్ట కదా, రైలు ఎక్కలేని ఎత్తు సైకిలుకూ రాదు. కుడిచేతి పక్కనే నీళ్లు, మధ్యలో చెట్టుకొమ్మ కూడా అడ్డం రానంత దగ్గరగా. ఒకప్పుడు దుంగలు కట్టి ఉంచడానికి నీళ్లలో పాతిన మొద్దులు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి తలల మీద ఆస్‌ప్రే గద్దలు పుల్లలతో గంపంత గూళ్లు కడతాయి. ఒకసారి నా కళ్లముందే ఒకటి నీళ్లలోకి కాళ్లు ముందుకు చాచి పడింది, చేపతో లేచింది. ఎగురుతూనే చేప తల ముందుకు వచ్చేలా పట్టు మార్చుకుంది, గాలికి అడ్డం కాకుండా. నేను సైకిలు ఆపేసి, అది కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. ఆ గూళ్లలో పిల్లలు ఉండేది ఎండాకాలంలోనే. సెప్టెంబరు దాటితే గద్దలు దక్షిణానికి వెళ్లిపోతాయి, గూళ్లు మాత్రం మిగులుతాయి.

వంతెన 1921 నాటిది. పడవలకు దారివ్వడానికి మధ్య భాగం పక్కకి తిరిగేది. ఇప్పుడు ఆ భాగాన్ని ఎత్తుగా పెట్టేసి, రెండువైపులా మెట్టు మెట్టుగా వాలు కట్టారు: కాస్త ఎక్కడం, కాస్త చదును, మళ్లీ కాస్త ఎక్కడం. పొడవు 3,100 అడుగులు. మీ నాన్నగారు ఎక్కేస్తారు, చదును దగ్గర ఊపిరి తీసుకోవచ్చు. దిగేటప్పుడే బ్రేకులు జాగ్రత్త, అన్నయ్య పడింది వాలులోనే. వంతెన మీద నిలబడి చూస్తే నీళ్ల మధ్యలోంచి రెండు వరసల చెట్లు వంకరగా సాగిపోతూ కనిపిస్తాయి. సెయింట్ జో నది గట్లు అవి. సరస్సు నీటిమట్టం పెరిగాక కూడా గట్లు మునగలేదు, కాబట్టి సరస్సు మధ్యలో నది విడిగా పారుతున్నట్టుంటుంది.

ఏడేళ్ల వాడికి అక్కడిదాకా పోయి రావడం ఎక్కువ. రెండు మూడు మైళ్లు పోయి వెనక్కి తిరగండి, లేదా వెనక తగిలించే బండి అద్దెకు తీసుకోండి. పెద్దపిల్ల, తాతగారు కలిసి వంతెన దాకా వెళ్తే బాగుంటుంది.

అమ్మగారికి సైకిలు రాకపోతేనేం, ఆ దారి నడిచేవాళ్లది కూడా. మోకాళ్లకు ఇబ్బంది లేని నడక. ఒక మైలు పోయి బల్ల మీద కూర్చుని రావచ్చు. వంతెన అవతలికి కారులో పోవాలంటే సెయింట్ మేరీస్ మీదుగా చుట్టు తిరగాలి, ఆ శ్రమ వద్దు. ఆవిడతో ఒకరు హారిసన్‌లోనే ఉండండి.

ఆగస్టులో అడవుల మంటల పొగ పట్టొచ్చు, ఆ నెల వదిలేయండి. సెప్టెంబరు రెండో వారం తర్వాత రండి. ఇంటి నుంచి కారులో ఆరు గంటలు పడుతుంది, 97వ నంబరు రోడ్డు మలుపులతో నిండి ఉంటుంది, పిల్లలకు వాంతులయ్యే అలవాటుంటే చూసుకోండి. రాత్రికి అక్కడే ఉండి పొద్దున్నే తొక్కండి. మధ్యాహ్నం దాటితే సరస్సు మీద గాలి లేస్తుంది.

ప్రశ్న: ‘కోర్ డలేన్’ అంటే అర్థమేమిటి? మా అబ్బాయి అక్కడికి వెళ్లి ఫొటోలు పంపాడు, పేరు మాత్రం నోరు తిరగడం లేదు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అది ఫ్రెంచి మాట. చెప్పులు కుట్టేవాళ్ల చేతిలో ఉండే ‘ఆరె’ ఉంటుంది చూడండి, దాని గుండె అని అర్థం. బేరంలో ఆరె మొనంత పదును వాళ్లని, తోళ్లు కొనడానికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారులు అక్కడి జనానికి పెట్టిన పేరు. వాళ్ల భాషలో తమను తాము పిలుచుకునే పేరు వేరే ఉంది, ‘ఇక్కడే కనిపించినవాళ్లు’ అని దాని భావం. నాకు ఆ పేరే నచ్చుతుంది. కోర్ డలేన్ సరస్సులో దక్షిణపు మూడో వంతు వాళ్లదేనని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్లమర్ నుంచి హారిసన్ వరకు సైకిలు దారిని చూసుకునేది కూడా ఆ తెగవాళ్లే. మీ అబ్బాయి ఫొటోల్లో ఆ వంతెన ఉంటే, అది వాళ్ల చేతుల్లో ఉన్న భాగమే.

ప్రశ్న: నేను పుల్‌మన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఇద్దరు ఫ్రెండ్స్‌తో 73 మైళ్లూ తొక్కాలని ఉంది. ఒక్కరోజులో అవుతుందా? ఎటు నుంచి మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి

జవాబు: కాళ్లకు అలవాటుంటే అవుతుంది, కానీ రెండు రోజులు పెట్టుకోండి. మలన్ నుంచి మొదలుపెడితే సరస్సు దాకా వాలు మీకు సాయం చేస్తుంది. వాలెస్‌లో ఆగండి, ఊరి నడిబొడ్డంతా పాత ఇటుక భవనాలే. కటాల్డో దగ్గర కాస్త పక్కకి వెళ్తే 1850లలో కోర్ డలేన్ తెగవాళ్లు, జెసూట్ ఫాదర్లు కలిసి మేకులు లేకుండా కట్టిన చర్చి ఉంది, ఐడహోలో నిలిచి ఉన్న భవనాల్లోకెల్లా పాతది. దాని తర్వాత హారిసన్ దాకా చిత్తడి నేలలు, చిన్న చిన్న సరస్సులు. పొద్దున, సాయంత్రం మూస్‌లు (దుప్పి జాతి పెద్ద జంతువులు) నీళ్లలో నిలబడి మేస్తుంటాయి. గుర్రం కంటే ఎత్తు, చూడ్డానికి నిదానం. పిల్లతో ఉన్న తల్లి అయితే మీదికొస్తుంది. దారి మీద ఉంటే దూరంగా ఆగి, అది కదిలేదాకా ఆగండి, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు.

రాత్రి హారిసన్‌లో పడుకోండి. మర్నాడు వంతెన దాటాక ప్లమర్ దాకా ఆరేడు మైళ్లు ఆగకుండా ఎక్కుడే, అడవిలో. రైలు కట్ట కాబట్టి నిట్టనిలువుగా ఉండదు, కానీ తెగదు. హారిసన్‌లోనే సీసాలన్నీ నింపుకుని బయల్దేరండి.