కెప్టెన్ పాపకి మామయ్య రాసేది

కావలి,
ఆదివారం రాత్రి

పాపా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడల్ని కాలేజీ ఫుట్‌బాల్ టీముకి కెప్టెన్ చేశారంట, ఇదంతా నీ చలవే" అంది. మెచ్చుకుందో తిట్టిందో అర్థం కాలేదు. నీ మూడో ఏట ప్లాస్టిక్ బంతి కొనిచ్చింది నేనే కాబట్టి గమ్మున ఊరుకున్నా. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి ఆ మాట రెండుసార్లు చెప్పా. మూడోసారి చెప్పబోతే లేచి వంటింట్లోకి పోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు.

ముందు చిన్న విషయాలు. షిన్ ప్యాడ్లు లేకుండా ప్రాక్టీసుకి కూడా దిగొద్దు. కమ్మలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసిపెట్టు. పైన ప్లాస్టర్ అంటించుకున్నా రూలు ఒప్పుకోదు. (ముక్కుపుడక సంగతి నేను చెప్పానని మీ అమ్మతో అనకు.) మ్యాచ్ ముందు ఇడ్లీ, అరటిపండు. కారం దోశ ఆట అయ్యాకే.

ఇక వాన. చాలా ఊళ్ళకి జూన్, జూలైల్లో వానలైతే మన నెల్లూరుకి అక్టోబరు, నవంబరుల్లో. మా రోజుల్లో కాలేజీల మ్యాచ్‌లు పెట్టేదీ సరిగ్గా అప్పుడే, మీకూ అంతేనంట. అల్పపీడనం పట్టిందంటే మైదానం వరి మడే. బురదలో బంతి ఆగిపోతుంది, పాసు కాస్త లేపి కొట్టాలి, ఇది మీ కోచ్ చెప్తాడు. బంతితో పాటు కాలూ ఆగిపోతుందని మాత్రం ఎవరూ చెప్పరు. బూటు కింద స్టడ్లు బురదలో దిగబడి ఉంటాయి, ఒళ్ళేమో తిరిగిపోతుంది, మధ్యలో నలిగేది మోకాలు.

1988 నవంబరు. నేను కెప్టెన్ని. మా స్టాపర్, అంటే గోలు ముందు కాపు కాసే డిఫెండర్, నా గదిలోనే ఉండేవాడు, నా కంటే మంచి ఆటగాడు, ఎస్సై సెలక్షన్లకి తయారవుతున్నాడు. శుక్రవారం సెమీఫైనల్లో ఎవరూ తగలకుండానే, ఉత్తినే తిరగబోయి పడ్డాడు. టప్ మని శబ్దం అయింది. పక్కనే ఉన్న నాకు వినిపించింది. రాత్రికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఎవరో వచ్చి నూనె రాసి గట్టిగా పిసికారు, నేనే పట్టుకున్నా వాణ్ణి.

ఫైనల్ ఆదివారం. శనివారం రాత్రి వాడు నెమ్మదిగా అడిగాడు, "రేపు నేను కూర్చోనా?" అని. కూర్చోమంటే సరిపోయేది. రిజర్వులో ఒక జూనియర్ ఉన్నాడు, ఉతికిన బట్టలు మంచం మీద మడిచి పెట్టుకుని పిలుపు కోసం చూస్తున్నాడు. నేను కూర్చోమనలేదు. జర్నైల్ సింగ్ కథ మొదలుపెట్టా.

నీకూ చెప్పాను కదా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అయినా ఫైనల్ ఆడి దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు, మనం 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాం. ఆ రాత్రి కథ బాగా చెప్పాను పాపా, నాకే ఒళ్ళు పులకరించింది. వాడు లేచి క్రేప్ బ్యాండేజీ అడిగాడు.

కథలో ఒక ముక్క వదిలేశాను. కోచ్ రహీం సాబ్, మన హైదరాబాద్ ఆయనే, గాయపడినవాణ్ణి వెనక డిఫెన్సులో ఉంచలేదు, ముందుకి తెచ్చి ఫార్వర్డుగా ఆడించారు. అంటే గాయాన్ని చూసి, ఆలోచించి, చోటు మార్చారు. నేను మా వాణ్ణి అదే చోట, అదే బురదలో నిలబెట్టాను. ఇరవై నిమిషాలు ఆడాడు. ఈసారి పడ్డాక లేవలేదు. నలుగురు మోసి గట్టు మీద కూర్చోబెడితే అక్కడి నుంచే "లైన్ కాయండ్రా" అని అరుస్తూ ఉన్నాడు. ఆ జూనియర్ పరిగెత్తుకొచ్చి వాడి చోట నిలబడ్డాడు, బాగానే ఆడాడు కూడా.

మేం 1-0తో గెలిచాం. కప్పుతో దిగిన ఫోటో మా హాల్లో ఉంది కదా. అందులో వాడు ఎందుకు లేడని చిన్నప్పుడు నువ్వు అడిగితే మాట మార్చాను.

వాడు ఎస్సై సెలక్షన్ పరుగుకి వెళ్ళనే లేదు. ఇప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టు. మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతాడు. ఒక్కసారైనా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకని చెప్తున్నా. మోకాల్లో టప్ మని వినిపించినా, కొన్ని గంటల్లోనే వాచినా, కాలు ఆనితే జారిపోతున్నట్టున్నా ఆ పిల్ల ఆ రోజు మళ్ళీ దిగకూడదు. ఐసు పెట్టాలి, నూనె మర్దన వద్దు, ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలి. వాపు తగ్గినంత మాత్రాన లోపల తెగిన లిగమెంటు అతుక్కున్నట్టు కాదు. ఇది ఆడపిల్లల్లో మగపిల్లల కంటే ఎక్కువగా తెగుతుంది కూడా. ఫిఫా 11 ప్లస్ అని వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, దెబ్బలు బాగా తగ్గుతాయి. ఫోన్లో దొరుకుతుంది, చూసి అందరిచేతా చేయించు, విసుక్కున్నా సరే. మాకు ఇద్దర్నే మార్చనిచ్చేవారు, ఇప్పుడు ఐదుగురి దాకా మార్చొచ్చు. ఆ ఐదుగురూ ఫోటో కోసం కాదు. ఎవరైనా "బాగానే ఉన్నా అక్కా" అంటే మొహం కాదు, నడక చూడు.

నీ సంగతీ చెప్తాను విను. పోయిన సంక్రాంతికి మడమ వాస్తే సాక్సు పైకి లాక్కుని దాచావు. చూశాను. పండగపూట ఏడిపించడం ఎందుకని ఊరుకున్నా. మళ్ళీ అలా చేశావంటే గ్రౌండుకే వచ్చి చెవి పట్టుకుని ఈడ్చుకొస్తా, కెప్టెన్‌వైనా సరే. మీ అమ్మేమో ఈసారి రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో నీకోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంటానంటోంది. పట్టుకోనీ, వద్దనకు.

బూట్లకి డబ్బులు మీ నాన్నని అడగొద్దు, పంపుతున్నా. కొనేటప్పుడు సాయంత్రం పూట, ఆడే సాక్సులు వేసుకుని చూసుకో.

మొదటి మ్యాచ్ తేదీ తెలిసిన రోజే చెప్పు. మా స్టాపర్ కూడా వస్తానన్నాడు, ఆ రోజుకి కొట్టు మూసేస్తాడంట. గ్యాలరీ మెట్లు ఎక్కలేడు, టచ్‌లైన్ దగ్గర ఒక కుర్చీ వేయించి పెట్టు.

మీ మామయ్య