జేబు టార్చిని ప్రత్యేకంగా చేయించుకుంటున్నాను, ఏయే సౌకర్యాలు అడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: జేబులో పెట్టుకునే టార్చిని మీ ఇష్టప్రకారం చేయించుకోబోతున్నారు. 3000 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే మొత్తం వెలుగుకు కొలత), 6500 కెల్విన్ల తెల్లటి కాంతి (ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి నీలి తెలుపు వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు పోతుంది), టైటానియం బాడీ, యూఎస్‌బీ-సీ ఛార్జింగు, స్విచ్ చుట్టూ రంగు దీపాలు అని ఇప్పటికే రాసుకున్నారు. ఇంకా ఏమి చేర్చాలని అడుగుతున్నారు. కొత్తవి చేర్చే ముందు ఆ జాబితా వరుస మార్చమంటాను. చీకట్లో వేలు స్విచ్ మీద పడగానే ఏమి జరగాలో మొదట తేల్చుకోండి. తర్వాత ఎల్‌ఈడీ, ఆ తర్వాత లోహం, సెల్. ఇవి కుదిరాక ల్యూమెన్ల అంకె ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. ఏళ్ల తరబడి జేబులో టార్చి లేకుండా గడప దాటని మనిషిని నేను. కొన్నిటిని విప్పి, ఎల్‌ఈడీలు మార్చి, టంకం వేసుకున్న అనుభవం కూడా ఉంది.

టార్చిని నిజంగా ఎప్పుడెప్పుడు వాడతామో ఒకసారి గమనించండి. నడిరాత్రి నీళ్లకు లేచినప్పుడు, చీకట్లో తాళం తీసేటప్పుడు, మంచం కింద దొర్లిన వస్తువు కోసం, దీపం లేని మెట్ల మీద. వీటిలో దేనికీ 100 ల్యూమెన్లకు మించి అక్కర్లేదు. మొదటిదానికైతే ఒక్క ల్యూమెన్ కూడా ఎక్కువే. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎదురుగా ఉన్న తెల్లగోడ మీద ఒక్క క్షణం 500 ల్యూమెన్లు పడ్డాయంటే ఆ అలవాటంతా పోతుంది, పక్కన నిద్రపోతున్నవాళ్లు కూడా లేస్తారు. అందుకే నా మొదటి షరతు ఇది: ఇంతకుముందు టార్చిని ఎవరు ఏ వెలుగులో వాడి ఆపినా సరే, ఆపి ఉన్న స్థితి నుంచి నేరుగా ఒక ల్యూమెన్ లోపు వెలుగుకు చేరే మార్గం ఉండాలి. దీన్నే మూన్‌లైట్ మోడ్ అంటారు. ఇది లేని టార్చి ఎంత ప్రకాశవంతమైనదైనా నా మంచం పక్కకు చేరలేదు.

కంటికి వెలుగు రెట్టింపయినట్టు తోచాలంటే ల్యూమెన్లు దాదాపు నాలుగు రెట్లు కావాలి. 1000కి, 1400కి తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. అదే అర ల్యూమెన్‌కు, ఐదు ల్యూమెన్లకు తేడా అర్ధరాత్రి ఎవరికైనా తెలుస్తుంది. పై అంకె మీద పెట్టే శ్రద్ధలో సగమైనా కింది అంకె మీద పెట్టండి.

ఇక స్విచ్. తోక భాగంలో ఉండే క్లిక్ స్విచ్‌లు రెండు రకాలు. ఫార్వర్డ్ రకంలో సగం నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది, పూర్తిగా నొక్కితే అలాగే నిలుస్తుంది. రివర్స్ రకంలో పూర్తిగా నొక్కి వదిలాకే వెలుగుతుంది, ఆ తర్వాత సగం నొక్కుతూ మోడ్ మార్చుకోవాలి. క్షణకాలం వెలుగు ఎక్కువగా అవసరమయ్యేవారికి మొదటిది హాయి. నాకు మాత్రం పక్కన ఉండే ఎలక్ట్రానిక్ స్విచ్ ఇష్టం, ఎందుకంటే నొక్కి పట్టుకుంటే వెలుగు మెల్లగా, మెట్లు లేకుండా పెరుగుతుంది. టార్చి అభిమానులు ఎక్కువగా వాడే ఆండ్యురిల్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లో (టార్చి లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఆపి ఉన్నప్పుడు నొక్కి పట్టుకుంటే అతి తక్కువ వెలుగు, ఒకసారి నొక్కితే గుర్తుంచుకున్న వెలుగు, రెండుసార్లు నొక్కితే గరిష్ఠం వస్తాయి. రెండో తరం ఆండ్యురిల్‌లో నాలుగుసార్లు నొక్కితే తాళం పడుతుంది. కొవ్వొత్తిలా రెపరెపలాడే మోడ్ మొదలుకొని ఇందులో లేనిది లేదు. అయితే ఆ టార్చి ఇంట్లో ఇతరుల చేతికి కూడా వెళ్తుందంటే సౌకర్యాలు తగ్గించిన సింపుల్ మోడ్‌లో పెట్టి ఇమ్మనండి. ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టుకోవలసిన టార్చి అవసరమైన వేళ ఎవరికీ ఉపయోగపడదు.

ఎలక్ట్రానిక్ స్విచ్‌తో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జేబులోనో సంచిలోనో బటన్ నొక్కుకుపోయి గరిష్ఠ వెలుగులో వెలిగితే లెన్సుకు ఆనుకున్న బట్ట కమిలిపోతుంది, చర్మం కాలుతుంది. నమ్మకమైన రక్షణ ఏమిటంటే తోక మూతను పావు చుట్టు వదులు చేయడం. హార్డ్ అనొడైజింగ్ చేసిన అల్యూమినియం మరల మీద విద్యుత్తు పారని పూత ఉంటుంది కాబట్టి, గొట్టం అంచు మూతకు తగలకపోగానే సర్క్యూట్ తెగిపోతుంది. చెయ్యి దానంతట అది నేర్చుకునే పని ఇది. జేబులో వేసుకునే ముందు నా బొటనవేలు మూతను ఇటు తిప్పుతుంది, తీయగానే అటు తిప్పుతుంది.

ఇక్కడే మీ టైటానియం కోరిక అడ్డొస్తుంది. టైటానియం, రాగి, ఇత్తడి బాడీల మరలకు ఆ పూత ఉండదు. మూతను కొద్దిగా వదులు చేసినా మరల గుండా విద్యుత్తు పారుతూనే ఉంటుంది. దాన్ని మించిన ఇబ్బంది వేడి. ఎల్‌ఈడీ తీసుకున్న శక్తిలో పెద్ద భాగం వేడిగానే మారుతుంది, ఆ వేడి బాడీ గుండా బయటికి పోవాలి. ఉష్ణవాహకత అంకెలు చూడండి: రాగికి దాదాపు 400 వాట్లు, టార్చిలలో వాడే 6061 అల్యూమినియానికి 167, ఇత్తడికి 120 చుట్టుపక్కల, టైటానియం గ్రేడ్ 5కి సుమారు 7, అన్నీ మీటరుకు, కెల్విన్‌కు. ఏడు! పెనానికి వేసిన చెక్కపిడిలా టైటానియం వేడిని తలభాగంలోనే ఆపేస్తుంది. చేతికి చల్లగా తగులుతుంది కానీ లోపల ఎల్‌ఈడీ ఉడుకుతుంటుంది, డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) వెంటనే వెలుగు తగ్గించేస్తుంది. బరువైనా కలిసొస్తుందనుకుంటే అదీ లేదు. ఘనసెంటీమీటరుకు టైటానియం 4.5 గ్రాములు, అల్యూమినియం 2.7. టైటానియానికి తుప్పు పట్టదు, మెరుగు పెడితే చూడముచ్చటగా ఉంటుంది, ఆ ఇష్టం నాకూ అర్థమవుతుంది. అదే కావాలంటే తలలో ఎల్‌ఈడీ కూర్చునే పీఠం రాగితో చేయమని అడగండి, గరిష్ఠ వెలుగు మీద ఆశ తగ్గించుకోండి. రోజూ వాడటానికైతే నా ఓటు అల్యూమినియానికే.

3000 ల్యూమెన్ల మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. టార్చిల పెట్టెల మీద కనిపించే ఎఫ్ఎల్1 ప్రమాణంలో వెలుగును వెలిగించిన 30 సెకన్ల నుంచి 120 సెకన్ల మధ్య కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందన్న అంకె మాత్రం మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా లెక్క. అంటే 3000 ల్యూమెన్లు, రెండు గంటలు అని పక్కపక్కన రాసినంత మాత్రాన రెండు గంటలూ 3000 ఉంటుందని కాదు. ఒకటి రెండు నిమిషాలు భగ్గుమని, తర్వాత కొన్ని వందల దగ్గర స్థిరపడి మిగతా సమయం గడిపినా ఆ రాత తప్పు కాదు. అరచేతిలో పట్టే అల్యూమినియం టార్చి నిలకడగా ఇవ్వగలిగింది ఆ కొన్ని వందలే. తయారీదారును సమయానికీ వెలుగుకూ గీసిన గ్రాఫ్ అడగండి, ఆ గీత ఎక్కడ చదునుగా సాగుతుందో అదే మీ టార్చి అసలు సత్తా.

ఎల్‌ఈడీ దగ్గర ఆగి మాట్లాడాలి, నాకు అన్నిటికంటే ప్రీతి దీని మీదే. పాత వైర్ల పెట్టె ఒకటి తెరిచి చూస్తున్నాను, లోపల ఎరుపు వైరు, గోధుమరంగు వైరు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. 6500 కెల్విన్ల మామూలు టార్చి వేస్తే రెండూ ఒకే మురికి గోధుమరంగు. ఏది ఏదో చెప్పలేకపోయాను. అదే చోట జపాన్ సంస్థ నిచియా చేసే 519ఏ ఎల్‌ఈడీ ఉన్న 4500 కెల్విన్ల టార్చి వేశాను. వెలుగు ముందు దానికంటే తక్కువే, అయినా ఎరుపు వైరు తన రంగులో విడిగా కనిపించింది. వైరు మీద అరిగిన అక్షరాలు, వేడికి నల్లబడిన కొస కూడా కనిపించాయి. చేతి మీద దద్దురు ఎంత ఎర్రగా ఉందో, గాయం నుంచి వచ్చేది నెత్తురో మట్టినీరో చూడాలన్నా ఇదే తేడా.

కారణం తెల్ల ఎల్‌ఈడీ పుట్టుకలోనే ఉంది. లోపల ఉండేది నీలి ఎల్‌ఈడీ, దాని మీది ఫాస్ఫర్ పూత నీలంలో కొంత భాగాన్ని పసుపు, ఎరుపుల వైపు మారుస్తుంది. మామూలు పూతలో గాఢమైన ఎరుపు కొరవడుతుంది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమనో, నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. నకమురా ఆ పని చేసింది నిచియా సంస్థలోనే. మన అభిమానులు ముద్దుగా చూసుకునే 219బి, 519ఏ రెండూ అక్కడివే కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది.

రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అంకె 90 దాటాలని అడగండి, అక్కడితో ఆగకండి. ఆ అంకె మొదటి ఎనిమిది లేతరంగు నమూనాల సగటు. గాఢమైన ఎరుపును కొలిచే ఆర్9 అందులో లేదు. కాబట్టి ఆర్9 విడిగా ఎంతో అడగాలి. దీనికి మూల్యం ఉంది. గాఢమైన ఎరుపుకు కన్ను అంతగా స్పందించదు కాబట్టి అదే కరెంటుకు ల్యూమెన్లు తగ్గుతాయి. నేను ఆ బేరానికి ఎప్పుడూ ఒప్పుకుంటాను. ఇక ఛాయ: కెల్విన్లు ఒకటే అయినా ఒక ఎల్‌ఈడీ ఆకుపచ్చగా, మరొకటి లేత గులాబీగా ఉండవచ్చు. దీన్ని డీయూవీ అనే అంకెతో చెబుతారు. సున్నాకు పైన ఆకుపచ్చ ఛాయ, కింద గులాబీ ఛాయ. సున్నా దగ్గర లేదా కాస్త కింద ఉన్నది అడిగితే తెల్లకాగితం తెల్లగా కనిపిస్తుంది. అన్ని పనులకూ ఒకే టార్చి అయితే 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్య తీసుకోండి. పడకగదికే అయితే 3000 లోపు ఇంకా సుఖం. 6500ను మీ జాబితా నుంచి కొట్టేయమని గట్టిగా చెబుతున్నాను.

దూరం విషయం తొందరగా ముగిస్తాను. పెట్టె మీద రాసే మీటర్లు వెలుగు 0.25 లక్స్‌కు, అంటే సుమారు నిండుపున్నమి వెన్నెల స్థాయికి పడిపోయే దూరం. క్యాండెలాల (ఒక దిక్కుకు వెళ్లే వెలుగు తీవ్రతకు కొలత) వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే అది వస్తుంది. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు, 400 మీటర్లు కావాలంటే 40,000 క్యాండెలాలు. ఆ దూరంలో వస్తువును పోల్చుకోవడం కష్టం, సగం దూరమే పనికొచ్చేదని నా లెక్క. దూరానికి వెడల్పాటి రిఫ్లెక్టర్ కావాలి, వెడల్పు జేబుకు శత్రువు. గరుకు రిఫ్లెక్టర్ గానీ, మెత్తగా పరిచే టీఐఆర్ లెన్సు గానీ పెట్టించుకోండి.

సెల్ పేరులోనే కొలత ఉంది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఇందులో మంచివి 3000 నుంచి 3500 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తాయి. 14500 సరిగ్గా మామూలు డబుల్ ఏ సెల్ పరిమాణం, సామర్థ్యం మాత్రం 1000కి అటూ ఇటూ. 14500తోనూ డబుల్ ఏతోనూ నడిచే డ్రైవర్ పెట్టించుకుంటే ఎక్కడైనా దొరికే డబుల్ ఏ కూడా ఆదుకుంటుంది. ప్యాంటు జేబుకు నేను 14500ను, సంచికి 18650ను ఎంచుకుంటాను. 3000 ల్యూమెన్లకు, వాటుకు 100 ల్యూమెన్లు వస్తాయనుకున్నా 30 వాట్లు కావాలి, అంటే ఒకే సెల్ నుంచి ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగాలి. సన్నటి సెల్‌కు ఆ భారం తగదు. విడి లిథియం సెల్‌ను తాళంచెవులతో కలిపి జేబులో ఎన్నడూ వేయకండి, రెండు కొసలూ కలిస్తే నిప్పు పుడుతుంది.

డ్రైవర్ విషయంలో ఒకటే అడగండి: సెల్ తగ్గుతున్నా వెలుగు స్థిరంగా ఉంచాలి, తక్కువ వెలుగులో మినుకు కనిపించకూడదు. వెలుగు ముందు పెన్ను అటూ ఇటూ వేగంగా ఊపి చూడండి. పెన్ను విడివిడి ముక్కలుగా కనిపిస్తే ఆ డ్రైవర్ వద్దు.

యూఎస్‌బీ-సీ ఉంచుకోండి. రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో కూడా ఛార్జ్ అవుతుందో లేదో ముందే అడగండి, దానికి కావలసిన రెండు చిన్న 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పెట్టని తయారీదారులు ఉన్నారు. సెల్ బయటికి తీసే వీలు మాత్రం తప్పనిసరి. రంగు దీపాలు కూడా ఉండనివ్వండి, చీకట్లో టార్చి ఎక్కడుందో చూపిస్తాయి. ఆండ్యురిల్‌లో అవి సెల్ మట్టాన్ని కూడా చెబుతాయి: నిండుగా ఉంటే ఊదా, నీలం, తగ్గేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఎరుపు. ఎప్పుడూ వెలిగే దీపం సెల్‌ను మెల్లగా తాగుతూనే ఉంటుంది కాబట్టి మసక స్థాయిలో పెట్టండి. క్లిప్పు గట్టిది, మరలతో బిగించేది అడగండి. నీటి రక్షణకు ఐపీఎక్స్8 చాలు.

మీరు రాయని సంగతి ఒకటి ఉంది. ఇది ప్యాంటు జేబులో రోజంతా ఉండే టార్చా, సంచిలో ఉండి అవసరమైనప్పుడే బయటికి వచ్చేదా? ఇంట్లో ఇంకెవరైనా వాడతారా? అవి చెబితే సెల్, స్విచ్ ఏవి బాగుంటాయో ఇంకా కచ్చితంగా రాస్తాను.