ఇన్వర్టరు మీదకు రాగానే ఫ్యాన్ల మోత: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తణుకు. 2024 డిసెంబరు 9న విజయవాడలో ఒక షాపులో ఇన్వర్టరు, బ్యాటరీ కలిపి 27,500 రూపాయలకు కొన్నాం. కరెంటు పోయి ఇన్వర్టరు మీదకు రాగానే మూడు ఫ్యాన్లూ గుయ్‌మని మోగుతాయి. ఫోను ఛార్జరు కూడా సన్నగా కూస్తుంది. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది, రాత్రిళ్లు కునుకు లేదు. మెకానిక్ వచ్చి ‘ఇది మామూలే’ అన్నాడు, ఓటీపీ అడిగితే చెప్పాను. షాపు యజమాని ‘చెవులు చూపించుకోండి’ అని నలుగురిలో అవమానించాడు. ఇప్పుడేమో పాతది ఇచ్చేసి 6,500 కడితే ప్యూర్ సైన్ వేవ్ మోడల్ ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? మానసిక వేదనకు ఎంత అడగొచ్చు?

జవాబు: ఇంత రాశారు గానీ బిల్లులో ఏముందో రాయలేదు. మీ కేసు నిలిచేదీ పోయేదీ అక్కడే.

మోత వచ్చినంత మాత్రాన వస్తువులో లోపం ఉన్నట్టు కాదు. లైను కరెంటు తరంగం నున్నగా ఉంటుంది, అదే సైన్ వేవ్. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు తరంగం చదరపు అంచులతో ఉంటుంది. ఆ కరెంటులో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్, అంటే అదనపు కంపనాలు, కలిసి వస్తాయి. వాటికి ఫ్యాను మోటారులోని చుట్లు, ఇనుప రేకులు అదురుతాయి. ఆ రకం యంత్రానికి అది సహజ గుణం. కాబట్టి మీకు అమ్మింది స్క్వేర్ వేవ్ అని చెప్పే అమ్మి ఉంటే కేసు లేదు. ఆ 6,500 కట్టి మార్చుకోవడమే మంచిది.

ప్యూర్ సైన్ వేవ్ అని చెప్పి స్క్వేర్ వేవ్ అంటగట్టి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) ప్రకారం వ్యాపారి ‘ఏ విధంగానైనా’ చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గితే అది లోపమే. బిల్లులో ఆ మాట లేకపోయినా కరపత్రం, అట్టపెట్టె మీది అక్షరాలు, కొనకముందు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ పనికొస్తాయి. ఇవాళే వెతకండి. అట్టపెట్టె పాత సామాన్లవాడికి వేసేశారేమో చూసుకోండి, చాలామంది చేసే పని అదే.

ఓటీపీ చెప్పి పెద్ద పొరపాటు చేశారు. కంపెనీ రికార్డులో మీ ఫిర్యాదు ‘పరిష్కారమైంది, కస్టమరు తృప్తి చెందాడు’ అని ముగిసిపోయి ఉంటుంది. రేపు అవతలి లాయరు ముందుగా చూపించే కాగితం అదే. వెంటనే కంపెనీకి ఈమెయిల్ పెట్టి, మోత తగ్గలేదని రాసి, కొత్త ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఈసారి మెకానిక్ వస్తే ఏం చూశాడో జాబ్‌షీటులో రాయించి, దాని ఫొటో తీసుకున్నాకే ఓటీపీ.

ఇక 6,500 ఆఫరు. కేసు వేసేదుంటే దాన్ని తీసుకోకండి. పాత యంత్రం ఇచ్చేశారంటే సాక్ష్యం చేజేతులా ఇచ్చేసినట్టే. కొత్త బిల్లు వచ్చాక ఇష్టపడే మార్చుకున్నారంటారు. అయితే ఆ ఆఫరే మీకు ఆయుధం. ‘ముందు మీరిచ్చిన మోడల్‌కూ దీనికీ తేడా ఏమిటి?’ అని వాట్సాప్‌లో అడగండి. ‘అది స్క్వేర్, ఇది సైన్’ అని జవాబొస్తే సగం కేసు అతనే రాసిచ్చినట్టు. చాటు చెరిపేయకండి, స్క్రీన్‌షాటుతో సరిపెట్టకండి, ఆ ఫోనే ఉంచండి. దాఖలు చేసేటప్పుడు ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు సంతకం చేస్తారు.

మోత తగ్గుతుందని వీధి చివరి మెకానిక్కుతో మూత విప్పించి ట్రాన్స్‌ఫార్మరుకు వార్నిష్ పోయించే ఆలోచన ఉంటే మానుకోండి. సీలు ఊడితే వారంటీ పోతుంది, ‘లోపల కెలికారు’ అన్న వాదన వస్తుంది.

మోతను రికార్డు చేసే పద్ధతి ఉంది. రెగ్యులేటరు ఫుల్‌లో పెట్టండి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు తక్కువ స్పీడులో మామూలు కరెంటు మీద కూడా గుయ్‌మంటాయి, ఆ సాకు మిగలనివ్వకూడదు. ఫోను ఒకేచోట ఉంచి నిమిషం సేపు మామూలు కరెంటు మీద, మెయిన్ ఆపి నిమిషం సేపు ఇన్వర్టరు మీద, మధ్యలో కట్ లేకుండా వీడియో తీయండి. నాయిస్ రిడక్షన్ ఉంటే ఆపేయండి. ఆగకుండా వచ్చే గుయ్‌ శబ్దాన్నే అది ముందు తుడిచేస్తుంది. ఛార్జరు కూత ఫిర్యాదులో కలపకండి. ఛార్జరు కాయిల్ వేరే కారణాలకూ కూస్తుంది, అది మీ వాదనను పలచన చేస్తుంది.

అసలు రుజువు వీడియో కాదు, తరంగం ఆకారం. ఎలక్ట్రికల్ డిప్లొమా ఉన్నవారితో ఆసిలోస్కోపు (తరంగాన్ని తెర మీద గీసి చూపే పరికరం) పెట్టించి ఫొటో తీయించండి, దాని ప్రోబు (కొలిచే తీగ) మీరు పట్టుకోకండి. దాన్ని అవతలివారు ఒప్పుకోకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(సి) కింద ల్యాబ్ పరీక్ష కోరుతూ పిటిషన్ వేయాలి. ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు, అదే చట్టం సెక్షన్ 69. డెలివరీ తేదీ నుంచే లెక్కేసుకోండి: అదే రోజు ఇచ్చి ఉంటే 2026 డిసెంబరు 9. ఉత్తరాలు రాస్తూ పోతే గడువు పెరగదు. 15 రోజుల గడువుతో షాపుకూ తయారీదారుకూ స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. విజయవాడ తిరగక్కర్లేదు, మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

యంత్రం మార్పిడి, కాకుంటే డబ్బు వడ్డీతో వాపసు అడగండి. వేదనకు ఓ పది వేలు, ఖర్చులు అడగండి. నాన్నగారి ఆపరేషన్ కాగితాలు జతచేయకండి, ఆ మోతకూ ఆ గుండెకూ సంబంధం ఉందని చెప్పే డాక్టరు మీ దగ్గర లేడు.