లోరా వద్దనుకుంటే చెరువు గట్టుకు ఏ రేడియో చిప్?

నమస్కారమండి. భీమవరం దగ్గరి మీ రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ కొలతను 600 మీటర్ల దూరంలోని మకాంకు పంపాలని, లోరా మాడ్యులేషన్ (తక్కువ శక్తితో ఎక్కువ దూరం పంపే రేడియో పద్ధతి) సెమ్‌టెక్ సంస్థ సొత్తు కనుక అది వద్దని రాశారు. ఈ దూరానికి జీఎఫ్ఎస్‌కే చాలు; అది పౌనఃపున్యాన్ని కొద్దిగా అటూ ఇటూ జరిపి సమాచారం పంపే ఎఫ్ఎస్‌కే పద్ధతిలో ఒక రకం.

నేనైతే రేడియో కలిసి ఉన్న, లోరా లేని మైక్రోకంట్రోలర్ చిప్ ఎస్‌టీఎం32డబ్ల్యూఎల్ఈ4 ఎంచుకుంటాను. అదే కుటుంబంలోని డబ్ల్యూఎల్ఈ5లో లోరా ఉంటుంది కనుక, ఆర్డరు పెట్టేటప్పుడు ఆ ఒక్క అంకె జాగ్రత్తగా చూసుకోండి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సీసీ1312ఆర్ చిప్ కూడా మంచిదే. అయితే దాని లాంగ్ రేంజ్ మోడ్ తయారీదారు సొంత పద్ధతి కాబట్టి, దాన్ని వదిలి ఐఈఈఈ 802.15.4జీ ప్రమాణంలోని సెకనుకు 50 కిలోబిట్ల ఎఫ్ఎస్‌కే వాడండి. మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్ పట్టీకి, శక్తి పరిమితికి లోబడితే, విడిగా లైసెన్సు అక్కర్లేదు.

నిద్రలో రెండు చిప్‌లూ దాదాపు 1 మైక్రోఆంపియరే తీసుకుంటాయి. బ్యాటరీని నిజంగా తినేది ఆక్సిజన్ సెన్సరు. కొలత తీసే సమయంలో తప్ప దానికి కరెంటు అందకుండా ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టండి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళ మాత్రం కొలతలు దగ్గర దగ్గరగా తీయాలి.

యాంటెన్నాను నీటి మట్టానికి దగ్గరగా కట్టవద్దు. ఈ పౌనఃపున్యంలో 600 మీటర్ల దారికి మధ్యలో ఫ్రెనెల్ వ్యాసార్ధం (సూటి గీత చుట్టూ తరంగానికి కావలసిన చోటు) సుమారు 7 మీటర్లు. అందులో 60 శాతమైనా ఖాళీగా ఉండాలంటే రెండు చివరలా 4–5 మీటర్ల గొట్టం నిలబెట్టి, గట్టు మీది కొబ్బరి చెట్లు అడ్డురాని వైపు చూసుకోండి.